డెబ్బై దాటిన అమ్మకు కరెంటు ఎన్ని రోజులు?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం చేసే సర్జన్లకు, రేడియేషన్ డాక్టర్లకు, వైద్య సేవ పథకం అధికారులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరై కావలిలో ఉంటున్నాను. ముక్క పరీక్ష కాగితమో, స్కానింగ్ కాగితమో పట్టుకుని "టీచరమ్మా, ఇందులో ఏం రాసుందో చూసి చెప్పమ్మా" అంటూ మా గడప తొక్కేవాళ్లు చాలామంది. ఉదయగిరి, వింజమూరు నుంచి పుట్టింటి తరఫువాళ్లు వస్తారు. పామూరు, కనిగిరి నుంచి అత్తింటి తరఫువాళ్లు వస్తారు. చుట్టరికం లేనివాళ్లు కూడా ఎవరో ఒకరి పేరు చెప్పుకుని వస్తారు. వాళ్లలో అరవై అయిదు, డెబ్బై దాటి, రొమ్ములో గడ్డ చిన్నగా ఉండగానే బయటపడ్డ ఆడవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇళ్లకు వచ్చి అడుగుతున్నారు, పరీక్ష చేయించుకోమంటున్నారు. ఇదివరకు గడ్డ పుండై, వాసన వచ్చాక గానీ బయటికి చెప్పని ఊళ్లవి.

తొందరగా దొరికిందంటే వైద్యం తేలికగా ఉండాలి. కానీ నా దగ్గరికి వచ్చే కాగితాల్లో గడ్డ చిన్నదైనా, పెద్దదైనా, మనిషికి యాభై ఏళ్లున్నా, డెబ్బై ఎనిమిదున్నా రేడియేషన్ (మా ఊళ్ల మాటలో కరెంటు) దగ్గర రాసేది దాదాపు ఒకేలా ఉంటోంది: ఇన్ని సిట్టింగులు (మిషన్ కింద ఇన్నిసార్లు పడుకోవాలని), ఫలానా తారీఖున రండి. ఎందుకు అన్ని, తగ్గించవచ్చా, అసలు మానేస్తే ఏమవుతుంది అని అడిగే అవకాశం ఆ ముసలామెకు రావడం లేదు. నేను కోరేది ఒక్కటే. ఆ అంకె రాసేముందు ఉన్న దారులన్నీ ఆమెకు చెప్పండి. పక్కన నిలబడ్డ కొడుక్కి చెప్తే సరిపోదు, ఆమెకే చెప్పండి.

ఏ గడ్డ గురించి మాట్లాడుతున్నానో ముందే హద్దు గీసుకుంటాను. రెండు, మహా అయితే మూడు సెంటీమీటర్ల లోపుది, పూర్తిగా తీసేయగా అంచులు శుభ్రంగా వచ్చినది, చంకలోని లింఫు బిళ్లల్లోకి పాకనిది, హార్మోన్ రిసెప్టార్ పాజిటివ్ (ఒంట్లోని ఆడ హార్మోన్ ఆసరాతో పెరిగే రకం), హెర్2 నెగటివ్ (హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా లేనిది). అరవై అయిదు దాటిన ఆడవాళ్లలో ఎక్కువగా కనబడేది ఈ హార్మోన్ రకమే. హార్మోన్ రిసెప్టార్లూ, హెర్2 కూడా లేని ట్రిపుల్ నెగటివ్‌కు, చంకలోకి వెళ్లినదానికి, వేగంగా పెరిగే గ్రేడ్ 3 గడ్డకు నేను రాసేదాంట్లో సగం వర్తించదు. ఇది చదివి ఎవరూ మధ్యలో ఉన్న సిట్టింగులు ఆపుకోవద్దు.

ముందు మొత్తం తీసేయించుకున్నవాళ్ల సంగతి చెప్పాలి. పొదిలి పక్క పల్లె నుంచి ఒకామె వచ్చింది. బతుకంతా పొగాకు గ్రేడింగుకు పోయిన మనిషి, డెబ్బై దాటినాయి. గడ్డ ఉసిరికాయంత కూడా లేదు. రొమ్ము మొత్తం తీసేశారు. "గడ్డ ఒకటే తీస్తే నెలకు పైగా కరెంటు పెట్టించుకోవాలంట. మొత్తం తీసేస్తే ఆ బాధ లేదంట. రోజూ ఎవరు తిప్పుతారు నన్ను? తీసేయమన్నా" అంది. ఏడవలేదు, తేలిగ్గానే చెప్పింది. ఆ తేలికదనమే నాకు మింగుడు పడలేదు. గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసేసినా బతికే కాలంలో తేడా లేదని అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరోనేసీ బృందాలు ఇరవై ఏళ్లు వెంటపడి చూసి 2002లోనే తేల్చాయి. అయినా మన దగ్గర బస్సు దూరాన్ని చూసుకుని రొమ్ము వదులుకునేవాళ్లున్నారు. ఆమెకు ఎవరైనా "అయిదు రోజులతో అయిపోయే కోర్సు ఉంది, నీలాంటి గడ్డకు అసలు కరెంటు లేకుండా మాత్రలతో నడిచే దారి కూడా ఉంది" అని చెప్పి ఉంటే ఏమనేదో! అప్పుడూ తీసేయమనే అనేదేమో, అది ఆమె ఇష్టం. తెలిసి వదులుకోవాలి కదా.

ఇక రోజుల లెక్క. పాత పద్ధతి 50 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత) మోతాదును 25 భాగాలుగా, వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు ఇవ్వడం. దాని మీద గడ్డ ఉన్న చోటికి బూస్టని ఇంకొన్ని. ఈ పద్ధతికి ఎప్పుడో కాలం చెల్లింది. కెనడాలో 1,234 మంది మీద చేసిన అధ్యయనంలో 42.5 గ్రే 16 సిట్టింగుల్లో ఇచ్చినా, 50 గ్రే 25 సిట్టింగుల్లో ఇచ్చినా పదేళ్లకు రొమ్ములో తిరిగి రావడం 6.2 శాతం, 6.7 శాతం. ఆ ఫలితం 2010లో వచ్చింది. బ్రిటన్‌లో స్టార్ట్ అధ్యయనాలు 40 గ్రే 15 సిట్టింగులు చాలునని 2008లో చెప్పి, పదేళ్ల ఫలితాలతో 2013లో మళ్లీ చెప్పాయి. చర్మం, రొమ్ము ఆకారం కూడా తక్కువ సిట్టింగుల్లోనే మెరుగ్గా నిలిచాయి. అమెరికా రేడియేషన్ డాక్టర్ల సంఘం 2018లో ఏ వయసువాళ్లకైనా ఈ తక్కువ సిట్టింగుల పద్ధతే మేలని రాసింది. ఇవన్నీ నాకంటే మీకే బాగా తెలుసు. మీలో చాలామంది పదిహేనుకు మారారు కూడా. కానీ నిరుడు కూడా ఇరవై అయిదు రాసిన కాగితం ఒకటి మా ఇంటికి వచ్చింది. ఆమె వయసు డెబ్బై ఆరు.

పదిహేను దగ్గరే ఆగిపోవాల్సిన పని కూడా లేదు. బ్రిటన్‌లో 4,096 మంది మీద జరిగిన ఫాస్ట్-ఫార్వర్డ్ అధ్యయనం 2020లో వెలువడింది. 26 గ్రే, అయిదు సిట్టింగులు, ఒక్క వారం. అయిదేళ్లకు అదే రొమ్ములో తిరిగి రావడం పదిహేను సిట్టింగుల వాళ్లలో 2.1 శాతం, అయిదు సిట్టింగుల వాళ్లలో 1.4 శాతం. రొమ్ము గట్టిపడటం, ముడుచుకుపోవడం లాంటి తర్వాతి ఇబ్బందుల్లో కూడా పెద్ద తేడా కనబడలేదు. అదే అధ్యయనంలో 27 గ్రే ఇచ్చినవాళ్లకు ఇబ్బందులు కాస్త ఎక్కువయ్యాయి. ఒక్క గ్రే తేడాతో! అందుకే దీన్ని కొలిచినట్టు చేయాలని నాబోటి వాళ్లకు కూడా అర్థమవుతుంది. రోజు విడిచి రోజు కూడా తిరగలేని వాళ్లకు వారానికి ఒక్కటి చొప్పున అయిదు వారాల్లో 28.5 గ్రే ఇచ్చే పద్ధతిని కూడా బ్రిటన్ వాళ్లే పరీక్షించారు, పదేళ్ల ఫలితాలు 2020లోనే వచ్చాయి. కోవిడ్ రోజుల్లో ప్రపంచమంతా ఈ చిన్న కోర్సుల వైపు మొగ్గింది. మన దేశంలోనూ కోల్‌కతా టాటా మెడికల్ సెంటర్ ఆధ్వర్యంలో ఒక వారం కోర్సును, మూడు వారాల కోర్సును పోల్చే అధ్యయనం నడిచింది. విదేశీ ఒంటికి సరిపడేది మన ఒంటికి సరిపడదనే మాటకు ఇక బలం తక్కువ.

పదిహేనుకు, అయిదుకు మధ్య పది రోజులే కదా అనిపించొచ్చు, అద్దాల గదిలో కూర్చుంటే. ఉదయగిరి నుంచి నెల్లూరుకు వంద కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. తెల్లారకముందే లేచి, ఇంత సద్ది తిని బస్సెక్కి, ఆసుపత్రిలో వంతు కోసం కూర్చుని, మిషన్ కింద నాలుగు నిమిషాలు పడుకుని, మళ్లీ బస్సెక్కి చీకటి పడ్డాక ఇల్లు చేరాలి. మోకాళ్లు అరిగిన మనిషి బస్సు మెట్టెక్కడమే ఒక పని. తోడు ఎవరో ఒకరు రావాలి. కూతురైతే ఆమె నాట్ల కూలి పోతుంది, కోడలైతే ఇంట్లో బళ్లకు పోయే పిల్లలు. గిద్దలూరు, మార్కాపురం వాళ్లకు గుంటూరు రైలుంది, గూడూరు వాళ్లకు తిరుపతి దగ్గర, కావలి, నెల్లూరు వాళ్లలో స్తోమత ఉన్నవాళ్లు ఎప్పటిలాగే మద్రాసు. నెల్లూరు రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతి స్విమ్స్, 2022లో తిరుపతిలో మొదలైన టాటా ట్రస్టులు, టీటీడీల క్యాన్సర్ ఆసుపత్రి, గుంటూరు ప్రభుత్వాసుపత్రి ఆవరణలోని నాట్కో సెంటర్, 1954 నుంచీ మద్రాసులో ఉన్న అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. మా వాళ్లు వెళ్లే దారులు ఇవి. రోజూ తిరగలేక ఊళ్లో గది తీసుకుంటే అద్దె, హోటల్ తిండి, షుగర్ ఉన్న మనిషికి ఆ తిండితో ఇంకో తంటా. సోమవారం పోయి శుక్రవారం తిరిగొచ్చే వైద్యమైతే ఏ చుట్టాలింట్లోనో సర్దుకోవచ్చు. మూడు వారాలంటే చుట్టాలు కూడా మొహం చాటేస్తారు.

అయిదు రోజుల కోర్సుకు ప్రతి మిషనూ పనికిరాదని మీరంటారు. నిజమే. ఒక్కో రోజుకు 5.2 గ్రే ఇస్తున్నప్పుడు డోసు రొమ్మంతా సమంగా పరుచుకోవాలి, సీటీ తీసి ప్లాన్ వేయాలి, దాన్ని సరిచూసే ఫిజిసిస్టు ఉండాలి. పెద్ద రొమ్ములవాళ్లకు ఒకచోట డోసు ఎక్కువ పడే ప్రమాదముంటుంది. మీ దగ్గర ఆ వసతి లేకపోతే ఆ మాటే చెప్పండి: "మా దగ్గరైతే పదిహేను, ఫలానా చోటికి పోతే అయిదు. నీకు ఏది వీలు?" ఈ ఒక్క వాక్యం చెప్పడానికి మిషన్ అక్కర్లేదు. పేషెంటు పక్క ఆసుపత్రికి పోతుందన్న దిగులుంటే, అది ఆమె దిగులు కాదు కదా.

గడ్డ ఉన్న చుట్టుపక్కలకే రేడియేషన్ ఇచ్చే పద్ధతీ ఉంది. ఇటలీలోని ఫ్లోరెన్స్ వాళ్లు రోజు విడిచి రోజు అయిదు సార్లు, మొత్తం 30 గ్రే ఇచ్చి, మొత్తం రొమ్ముకు ఇచ్చినంత బాగానే ఉందని పదేళ్ల ఫలితాలతో చూపించారు. ఆపరేషన్ బల్ల మీదే ఒక్కసారి ఇచ్చేసే పద్ధతుల గురించి మీలో మీకే ఏకాభిప్రాయం లేదు, మా జిల్లాల వాళ్లకు అది అందేదీ కాదు. దాని జోలికి పోను.

అసలు మానేయడం గురించి మాట్లాడుకుందాం. ఈ మాట ఎత్తితేనే డాక్టర్లు కొందరు చిరాకుపడతారు, ఇంట్లోవాళ్లు భయపడతారు. అంకెలు చూడండి. అమెరికాలో 1994, 1999 మధ్య డెబ్బై దాటిన 636 మంది ఆడవాళ్లను తీసుకున్నారు. అందరికీ చిన్న గడ్డ, హార్మోన్ రకం, గడ్డ వరకే ఆపరేషన్, తర్వాత హార్మోన్ పనిని అడ్డుకునే టమాక్సిఫెన్ మాత్ర. సగం మందికి రేడియేషన్ ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. పదేళ్లకు రొమ్ములోగానీ ఆ పక్క చంకలోగానీ తిరిగి రానివాళ్లు రేడియేషన్ తీసుకున్నవాళ్లలో 98 శాతం, తీసుకోనివాళ్లలో 90 శాతం. బతికున్నవాళ్లు ఒక వైపు 67 శాతం, ఇంకో వైపు 66 శాతం. పన్నెండేళ్లు దాటాక లెక్క చూస్తే 334 మంది కన్నుమూశారు. అందులో రొమ్ము క్యాన్సర్‌తో పోయినవాళ్లు 21 మంది. మిగతావాళ్లను గుండె, పక్షవాతం, ఊపిరితిత్తులు, ముసలితనం తీసుకుపోయాయి.

బ్రిటన్ వాళ్లు అరవై అయిదు దాటిన 1,326 మంది మీద ప్రైమ్-2 అనే అధ్యయనం చేసి 2023లో పదేళ్ల ఫలితాలు చెప్పారు. రేడియేషన్ లేనివాళ్లలో అదే రొమ్ములో తిరిగి రావడం 9.5 శాతం, ఉన్నవాళ్లలో 0.9 శాతం. బతికున్నవాళ్లు రెండు వైపులా 80 శాతానికి పైనే, పాయింటు తేడాతో. అంతకుముందే, 2018లో, బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు ఇలాంటి గడ్డ ఉండి, అయిదేళ్లయినా హార్మోన్ మాత్రలు వేసుకోవడానికి సిద్ధపడే అరవై అయిదు దాటిన వాళ్లకు రేడియేషన్ మానేసే సంగతి ఆలోచించమన్నాయి. అమెరికా మార్గదర్శకాల్లోనూ డెబ్బై దాటిన వాళ్లకు ఆ దారి తెరిచే ఉంది.

ఈ అంకెలను రెండు రకాలుగా చెప్పొచ్చు, రెండూ నిజమే. "కరెంటు పెట్టించుకోకపోతే తిరిగొచ్చే ప్రమాదం పది రెట్లు ఎక్కువమ్మా" అంటే ఏ తల్లయినా బెదిరిపోయి వేలిముద్ర వేస్తుంది. "నీలాంటివాళ్లు నూరుమంది కరెంటు లేకుండా ఉంటే పదేళ్లలో తొంభై మందికి ఏమీ రాదు, పదిమందికి రావొచ్చు. కరెంటు పెడితే ఒకరిద్దరికే వస్తుంది. వస్తే మళ్లీ ఆపరేషన్ చేయాల్సి ఉంటుంది. ఆయుష్షు మాత్రం రెండు రకాలుగానూ ఒకటే" అంటే ఆమె కాస్త ఆలోచిస్తుంది. రెండో ఆపరేషన్ అంటే చచ్చేంత భయమున్న మనిషి కరెంటుకే ఓటేస్తుంది. ఎనభై దగ్గరపడి, గుండెకు స్టెంటు వేయించుకుని, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయే మనిషి ఇంకోలా అనుకోవచ్చు. ఆ బేరీజు వేసుకునే హక్కు ఆమెది. మీరు మొదటి మాట ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఆ హక్కు ఆమె చేతికి రాదు.

అలాగని మానేయడం తేలిక దారి కాదు. మానేసినవాళ్లకు మాత్ర ఒక్కటే ఆసరా. అయిదేళ్లు, రోజూ. నా అసలు దిగులు ఇక్కడే ఉంది. లెట్రోజోల్, అనస్ట్రోజోల్ రకం మాత్రలు కీళ్ల నొప్పులు తెస్తాయి, ఎముకలను పలచబరుస్తాయి. మా కనిగిరి, పామూరు, ఉదయగిరి, మర్రిపాడు నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నడుం వంగిన ఆడవాళ్లు, చేత్తో జుట్టు ముడి కూడా వేసుకోలేని వాళ్లు అక్కడ వీధికొకరు కనిపిస్తారు. అలాంటి ఒంటి మీద ఈ మాత్ర పడితే మూడో నెలకు "ఈ మాత్ర వేసుకుంటే లేవలేకపోతున్నా" అని పక్కన పడేస్తారు. డాక్టరుకు చెప్పరు. తిడతారని భయం. పైగా ఫ్లోరైడ్ పట్టిన ఎముక స్కానింగ్‌లో చిక్కగా కనబడినా గట్టిగా ఉండదు, పుటుక్కున విరుగుతుంది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్ష అంకె బాగుందని ధీమా పడటానికి ఇక్కడ వీల్లేదు. టమాక్సిఫెన్ ఎముకకు మంచిదే గానీ కాళ్లలో రక్తం గడ్డకట్టడం, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ అనే రెండు భయాలుంటాయి. విదేశీ అధ్యయనాల్లో మానేసినవాళ్ల అంకెలు బాగున్నాయంటే మాత్రలు వేసుకున్నారు గనక బాగున్నాయి. కరెంటూ లేక, మాత్రా లేక మిగిలిపోయే మనిషి ఆ అధ్యయనంలో లేదు, మర్రిపాడులో ఉంది.

అందుకే ఎదురు ప్రశ్న కూడా అడగాలి: మాత్రలు పడని మనిషికి అయిదు రోజుల కరెంటు ఒక్కటే ఇచ్చి మాత్ర మానిపిస్తే? యూరప్‌లో డెబ్బై దాటిన వాళ్లలో సరిగ్గా ఈ పోలికే జరుగుతోంది, యూరోపా అనే అధ్యయనం. ఒక వైపు రేడియేషన్ మాత్రమే, ఇంకో వైపు మాత్రలు మాత్రమే. 207 మంది మీద రెండేళ్ల మధ్యంతర ఫలితాలు 2025లో వచ్చాయి. మాత్రల వైపు వాళ్లకు రోజువారీ బతుకు ఎక్కువగా కుంటుపడింది, రేడియేషన్ వైపు వాళ్లకు దాదాపు మునుపటిలాగే సాగింది. తిరగబెట్టడం గురించి గట్టిగా చెప్పాలంటే ఇంకొన్నేళ్లు ఆగాలి. అయినా "ముసలామె కదా, మాత్రలిచ్చి పంపిద్దాం" అనేది దయలాగా కనిపించినా అన్నిసార్లూ దయ కాదని దీంతో తెలుస్తోంది.

నన్ను అడిగితే, మా జిల్లాల ఆడవాళ్లలో ఎక్కువమందికి అయిదు రోజుల కోర్సే సరిపోతుందనిపిస్తుంది. మానేయడమనేది మాత్ర మానకుండా వేసుకునేవాళ్లకు, వేసుకుంటోందా లేదా చూసే కోడలో మనవరాలో ఇంట్లో ఉన్నవాళ్లకు, లేదా మిగతా జబ్బులతో ఆయుష్షే కొద్దిగా మిగిలినవాళ్లకు. ఇంకో ప్రమాదం కూడా ఉంది, అది కూడా రాస్తాను. "అమెరికాలోనే మానేస్తున్నారు" అన్న మాట దొరికింది గదా అని, మిషన్ లేదు గనక, దూరం గనక, పేద గనక మానేయించే రోజు రాకూడదు. నెల్లూరు ట్రంకురోడ్డు మీద ఉండే మనిషికి ఎంపికగా ఉన్నది వరికుంటపాడు మనిషికి గతిలేనితనం కాకూడదు.

చిన్న విషయాలు కొన్ని. మిషన్ కింద చెయ్యి తల పైకెత్తి పడుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లలో భుజం పట్టేసినవాళ్లు చాలామంది ఉంటారు, ఆపరేషన్ తర్వాత అది ఇంకా బిగుసుకుంటుంది. రేడియేషన్ మొదలుపెట్టేముందు కొలతలు తీసే సిమ్యులేషన్ రోజున చెయ్యి లేవక వెనక్కి పంపిన సంగతులు విన్నాను. ఆపరేషన్ అయిన వారం నుంచే గోడకు చెయ్యి పాకించే వ్యాయామం నేర్పిస్తే ఆ బస్సు ఖర్చు మిగిలేది. ఎడమ రొమ్మయితే గుండెకు ఎంత డోసు పడుతుందో చూసుకోవాలి. గుండెకు పడే ప్రతి గ్రేకూ గుండెపోటు లాంటివి 7.4 శాతం చొప్పున పెరుగుతాయని 2013లోనే లెక్క తేలింది. ఊపిరి గట్టిగా పీల్చి ఇరవై సెకన్ల పాటు బిగబట్టితే గుండె పక్కకు తప్పుకుంటుంది. కానీ ఆయాసం ఉన్న ముసలామెకు అది చేతనవుతుందా? ఇంటి దగ్గర నాలుగు రోజులు సాధన చేయిస్తే అవుతుందేమో. బూస్టు కూడా అంతే. దానివల్ల లాభం వయసు పెరిగే కొద్దీ తగ్గుతుంది. డెబ్బై దాటి, అంచులు శుభ్రంగా ఉన్న మనిషికి అలవాటుగా నాలుగైదు సిట్టింగులు కలపకండి, అవసరమైతే ఎందుకో చెప్పి కలపండి.

ఇంటి దగ్గర భయాలు వేరే. కరెంటు పెట్టించుకున్న మనిషి మనవణ్ణి ఎత్తుకుంటే బిడ్డకు తగులుతుందని పిల్లాణ్ణి దూరం పెట్టిన ఇల్లు చూశాను. కంచం, గ్లాసు వేరు చేసిన ఇల్లు కూడా. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదని, మనిషి మిషన్ గదిలోంచి లేచి వచ్చాక ఎవరికీ ఏమీ కాదని మొదటి రోజే కుటుంబమంతటికీ చెప్పండి. చర్మం కమిలినట్టు నల్లబడుతుందని, కొన్ని వారాలు నీరసంగా ఉంటుందని, పసుపు, కొబ్బరినూనె లాంటివి మీకు చెప్పకుండా రాయొద్దని కూడా.

ఇప్పుడు ఎవరితో మాట్లాడాలన్నది. మీ గదిలోకి ఆమె, కొడుకు వస్తారు. కుర్చీ ఒకటే ఉంటే కొడుకు నిలబడతాడు, అంతవరకు మర్యాద. మాటలన్నీ మాత్రం నిలబడ్డవాడితోనే నడుస్తాయి. "మీ అమ్మకు చెప్పొద్దు సార్, తట్టుకోలేదు" అంటాడు వాడు. మీరు సరేనంటారు. ఆమెకు అన్నీ తెలుసు. నలుగురు బిడ్డల్ని కని, ఇద్దర్ని పోగొట్టుకుని, మొగుడు పోయాక ఎకరం చేను ఒంటిచేత్తో సేద్యం చేసిన మనిషి ఈ మాట తట్టుకోలేదా? ఒకామె నాతో అంది: "నా ఒళ్లు గురించి నా ఎదరే మాట్లాడుకుంటా ఉండారు, నన్నొక మాట అడగలా." కొడుకును బయట కూర్చోబెట్టమని కాదు. ముందు ఆమె వైపు తిరగండి. ఇంట్లో ఎవరున్నారు, ఎంత దూరం నడవగలవు, బస్సెక్కగలవా, మాత్రలు ఎన్ని వేసుకుంటున్నావు, మర్చిపోతుంటావా, ఈ వైద్యంలో నీకు దేని గురించి ఎక్కువ భయం? ఈ మాటలకు పది నిమిషాలు చాలు. ఓపీ దగ్గర వంద మంది ఉంటారని తెలుసు. ఆ పది నిమిషాలు మీకు కుదరకపోతే, తెలుగులో చక్కగా మాట్లాడే ఒక నర్సుకు అప్పగించండి.

వైద్య సేవ పథకం అధికారులకు వేరే చెప్పాలి. ఆసుపత్రికి డబ్బు సిట్టింగుల లెక్కన కడితే సిట్టింగులు తగ్గించే ఆసుపత్రి నష్టపోతుంది. అయిదు రోజుల్లో ముగించినా, పదిహేను రోజుల్లో ముగించినా కోర్సుకు ఇంతని ఒకేలా కట్టండి. ప్లాన్ వేయడానికి పట్టే శ్రమ అయిదు రోజుల దానికే ఎక్కువ. ఇప్పుడు ఏ రకానికి ఎంత కడుతున్నారో ప్యాకేజీల పట్టిక తెలుగులో ప్రతి వైద్యమిత్ర బల్ల దగ్గర అంటించండి. డెబ్బై దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల రూపాయల దాకా వైద్యమని 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన వయ వందన కార్డు సంగతి మా పల్లెల్లో చాలామంది చెవిన పడలేదు. దాన్ని మీ వైద్యమిత్రలే చెప్పాలి. ఇంకొకటి, రెండు జిల్లాల్లో అరవై అయిదు దాటి, గడ్డ వరకే ఆపరేషన్ అయిన వాళ్లకు ఏడాదిలో ఎంతమందికి ఇరవై అయిదు, ఎంతమందికి పదిహేను, ఎంతమందికి అయిదు, ఎంతమందికి అసలు లేదు అనే లెక్క మీ కంప్యూటర్లలో ఉండే ఉంటుంది. పేర్లు తీసేసి ఆసుపత్రులవారీగా బయటపెట్టండి. అలాగే రొమ్మంతా తీయించుకున్న వాళ్లలో రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ ఉన్నవాళ్లు ఎంతమందో కూడా. ఆ అంకె చూస్తే పొదిలి ఆమె లాంటి వాళ్లు ఎందరో తేలిపోతుంది.

డాక్టర్లకు చివరిగా ఒక పని. ఒక్క పేజీ, పెద్దక్షరాలు, తెలుగులో. ఈ గడ్డకు ఉన్న దారులు: పదిహేను రోజులు, అయిదు రోజులు, వారానికొకటి, కరెంటు లేకుండా మాత్రలు. ఒక్కోదాని పక్కన నూరుమందిలో పదేళ్లకు ఎంతమందికి తిరిగొస్తుంది, మా ఆసుపత్రిలో ఉందా, లేకపోతే ఎక్కడుంది, ఎన్నిసార్లు రావాలి. చదువురాని వాళ్లకు చదివి వినిపించేందుకు మనవరాళ్లు ఉన్నారు, ఇంటర్ చదివే పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఆ కాగితం ఆమె చేతికిచ్చి, "ఇంటికి పోయి ఆలోచించుకుని వచ్చే వారం చెప్పు" అనండి. ఆపరేషన్ అయిన ఈ రకం గడ్డకు ఒక వారం ఆలోచనకు ఇస్తే మునిగిపోయేదేమీ లేదని మీకు తెలుసు. ఆ పేజీలో తెలుగు సరిచూడటానికి మనిషి కావాలంటే కబురు పెట్టండి, నెల్లూరైనా ఒంగోలైనా వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బయాలజీ టీచర్,
కావలి